ఎనిమిదో చీటీ

డిసెంబరు మొదటి వారం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఇది పని మీద రాస్తున్న ఉత్తరం. చివరిదాకా చదివి వెంటనే జవాబు రాయి. ఫోను చెయ్యవద్దు. ఫోనులో నువ్వు "ఊఁ" అంటావు, నేను "సరే" అంటాను, పక్క గదిలో మా వాడు పేపరు పేజీ తిప్పడం ఆపేస్తాడు. అక్కడితో మన మాటలు అయిపోతాయి.

ఈ ఏడు క్రిస్మస్ పార్టీ మళ్ళీ మనింట్లో పెడుతున్నాను. "మనింట్లో" అని రాశాక చూసుకున్నాను. కొట్టివేతలున్న కాగితం మీద ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను సంతకం పెట్టలేదు. ఇప్పుడూ పెట్టను. అందుకని ఆ మాటను అలాగే ఉండనిస్తున్నాను. పోయినేడు పార్టీ లేదు. మోకాలి నొప్పి అని అందరికీ చెప్పాను. మోకాలు బాగానే ఉంది.

పిలుస్తున్నది పాతవాళ్ళనే. ఎదురింటి నర్సు, చొక్కాలు కుట్టే దర్జీ, వీధి మలుపులో బేకరీ ఆయన. నువ్వు పెట్టిన పేర్లు వాళ్ళకు ఎంత అతుక్కుపోయాయంటే, మొన్న బేకరీలో "బన్ను ఉన్నాడా?" అని అడగబోయి నాలిక కరుచుకున్నాను. నర్సు సూది, దర్జీ టేపు, నోరు విప్పని మా వాడు మూగనోము. జీవితమంతా ఆస్పత్రి లెక్కల సెక్షన్లో కూడికలు చేసిన నేను టోటల్. నా కొంగు పట్టుకుని తిరిగే నీ కూతురు చిల్లర. ఇంతమందికి పేర్లు పెట్టి ఏటా ఆటలు ఆడించినందుకు టేపు నీకు ఆటలమ్మ అని పెట్టాడు. "ఆటలమ్మ జన్మకు ఒక్కసారే పోస్తుందంటారు బాబాయ్" అని నువ్వు దెప్పితే, "నువ్వు ఏటా పోస్తావు, అదే తేడా" అన్నాడు. గుర్తుండే ఉంటుంది.

నిన్న వీళ్ళంతా వచ్చి కూర్చుని పనులు పంచుకున్నారు. కేకు బన్నుది. రంగు దీపాలు సూదివి. కళ్ళకు గంతలు కట్టే గుడ్డలు టేపువి. ఆటలు ఎవరు చూస్తారనేసరికి ముగ్గురూ కప్పుల్లోకి చూశారు. చివరికి అది నా మెడకు పడింది. తీర్పులు చెప్పడమే కానీ నేను ఆడిందీ లేదు, ఆడించిందీ లేదు. వాసన చూసి వస్తువు పేరు చెప్పే ఆట నాకు తెలుసు. కుర్చీలాట దగ్గరే చిక్కు.

నువ్వు కొత్త కోడలిగా వచ్చిన ఏడు ఆ ఆట ఎలా పాడు చేశావో నేను మరచిపోలేదు. పాట ఆగింది, సూదికి కుర్చీ దొరకలేదు, నేను "అవుట్" అన్నాను. నువ్వు లేచి, "ఆవిడెందుకు వెళ్ళాలి అత్తయ్యా? తీసింది కుర్చీని కదా, మనిషిని కాదుగా" అన్నావు. అని ఆవిడను లాగి నీ ఒళ్ళో కూర్చోబెట్టుకున్నావు. "ఇది ఆటా, పండగ రోజు బస్సా?" అని నేను మండిపడ్డాను. మీ ఇంట్లో ఏడుగురు ఆడపిల్లలట, అవుటైన ప్రతిదీ ఏడుపు లంకించుకునేదట, ఓదార్చే తీరిక లేక మీ అమ్మ ఆ నియమం పెట్టిందట. ఆట అంటే అదేననుకుని పెరిగావు. కుర్చీలాటలో మనుషులను బయటికి పంపుతారని నీకు పెళ్ళయ్యాక, మా హాల్లో తెలిసింది. నా పద్ధతి ఎవరికీ నచ్చలేదు. ఆ రోజు నుంచి నీ తప్పుడు ఆటే మా ఆట అయింది.

ఇప్పుడు రెండు సంగతులు కావాలి. ఒకటి, చివరికి ఒక్క కుర్చీ మిగిలినప్పుడు ఆట అయిపోయినట్టు ఎలా తేల్చాలి? రెండు, నువ్వు లేనప్పుడు పాట ఆపేది ఎవరు? వివరంగా రాయి. చిల్లరకు ముద్దులు.

ఇట్లు,
చిల్లర వాళ్ళ నాయనమ్మ

*

డిసెంబరు రెండో వారం

అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కార్డు అందింది. ఇంత వివరంగా అడిగితే అంత పొదుపుగా రాశావు. "ఆఖరి కుర్చీ మీద అందరూ పట్టాలి. చోటు చాలనివాళ్ళు కూర్చున్నవాళ్ళ చెయ్యి పట్టుకున్నా చాలు. గెలుపు లేదు అత్తయ్యా."

పాట ఎవరు ఆపాలో రాయలేదు. నువ్వు మరచిపోయే మనిషివి కావు. నా చేత మళ్ళీ రాయించుకోవడానికే వదిలేశావని అనుకుంటున్నాను. అలా అనుకుంటే బాగుంది, కాబట్టి వేరేలా అనుకోను.

వేసవిలో మా వాడు చేసుకున్న కొత్తమ్మాయి గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయకపోతే దాచినట్టవుతుంది. కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. పొడగరి. మాటకు ముందు నవ్వుతుంది. నన్ను "అత్తయ్య గారూ" అంటుంది. వంక పెట్టడానికి చాలా వెతికాను. దొరకలేదు. దొరికి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

మొన్న ఆదివారం నక్షత్రాన్ని పెట్టెలోంచి తీసి, దుమ్ము తుడిచి బల్ల మీద పెట్టాను. స్టూలు తేవడానికి వంటింట్లోకి వెళ్ళాను. తెచ్చేసరికి ఆ పిల్ల మునివేళ్ళ మీద లేచి, చెయ్యి చాపి, హాలు మధ్య కొక్కేనికి నక్షత్రం తగిలించేసింది. "అయిపోయిందత్తయ్య గారూ" అంది. తప్పేముంది? పని ఇట్టే అయిపోయింది. నేను మాత్రం స్టూలు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను.

నువ్వు స్టూలెక్కినా నీకు కొక్కెం అందేది కాదు. స్టూలు మీద మళ్ళీ మునివేళ్ళు. నేను కింద కూర్చుని దాని కాళ్ళు రెండు చేతులతో బిగించి పట్టుకునేదాన్ని. "కదలకు, పడితే కాళ్ళు విరుగుతాయి" అంటే, "స్టూలువా, నావా?" అనేదానివి. "స్టూలువే. కొత్తది కొనాలి" అనేదాన్ని. ఏటా అదే మాట, ఏటా అదే నవ్వు. ఆ నవ్వుకు స్టూలు అదిరేది, ఆ అదురు నా అరచేతుల్లోకి వచ్చేది. మొన్న ఆ ఖాళీ స్టూలును వంటింట్లోకి తిరిగి మోసుకెళ్తూ ఉంటే ఎంత బరువుందో నాకు మొదటిసారి తెలిసింది.

ఇంకో సంగతి కూడా రాసేస్తాను. నెలకోసారి నువ్వు చిల్లరను దింపడానికి వస్తావు కదా. అప్పుడు నేను కిటికీ పరదా వెనకే ఉంటాను. నువ్వు దాని జడ సరిచేస్తావు. సంచి భుజానికి తగిలిస్తావు. గేటు తీసి దాన్ని లోపలికి పంపి మళ్ళీ గడియ పెడతావు. మన గేటు గడియ లోపలి వైపు. బయటి నుంచి పెట్టాలంటే ఊచల మధ్య నుంచి చెయ్యి దూర్చాలి. నీ చెయ్యి మణికట్టు దాకా లోపలికి వస్తుంది, గడియ పెడుతుంది, వెళ్ళిపోతుంది. ఈ ఇంట్లోకి ఇప్పుడు నీది వచ్చేది అంతవరకే. ఆ గడియ తీసేసి వేరే రకం పెట్టిస్తానని మా వాడంటే వద్దన్నాను. ఎందుకని అడగలేదు. అడగకపోవడం వాడికి అలవాటే.

నువ్వు విడిపోయి వెళ్ళేటప్పుడు నేను నీకు ఒక్క మాట కూడా చెప్పలేదు. పక్షం వహించకూడదని ఊరుకున్నాను. మీ ఇద్దరిలో ఎవరిది తప్పో నాకు ఈనాటికీ తేలలేదు. మీ ఇద్దరికీ సరిపడలేదు, అంతే. మీరు సంతకాలు పెట్టుకున్నారు. ఆ కాగితాల మీద నా సంతకం ఎవరూ అడగలేదు. విడాకులు మీ ఇద్దరివి. నేను నీకు ఇవ్వలేదు.

అయినా నిన్ను పార్టీకి పిలవను. బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం. ఆ పిల్లకు ఈ ఇంట్లో ఇది మొదటి క్రిస్మస్. నీ చుట్టూ మూగే మనుషుల మధ్య ఆమెను నిలబెట్టడం న్యాయం కాదు. నువ్వు రాకపోతే నాకు లోటు, నువ్వు వస్తే ఆమెకు లోటు. నాది నేను భరించగలను. పండగ నాడు మధ్యాహ్నం చిల్లరను గేటు దగ్గర దింపి వెళ్ళు. ఆ రోజు నేను కిటికీ దగ్గర ఉండను. ఉంటే పిలిచేస్తాను.

పాట సంగతి రాయి.

ఇట్లు,
టోటల్

*

పండగకు ముందు ఆదివారం

అమ్మలూ,

ఈ కవరులో రెండు చీటీలు పెట్టాను. ఉత్తరం మొత్తం చదివేదాకా వాటిని ముట్టుకోకు.

ఇవాళ కానుకల చీటీలు తీశాం. నియమాలు పాతవే, నేను పెట్టినవే. ఎవరి చీటీ వస్తే వాళ్ళకు కానుక. వచ్చిన చీటీ మార్చుకోకూడదు. కానుక ఈ హాల్లో, స్వయంగా చేతికి ఇవ్వాలి. చీటీల మీద అసలు పేర్లు ఉండవు, మన ముద్దుపేర్లే ఉంటాయి. పొద్దున్నే కూర్చుని చీటీలు నేనే రాశాను. మడిచి, మనుషులను లెక్కపెట్టుకున్నాను. చిల్లరతో కలిపి ఏడుగురం. చీటీలు ఏడు. సరిపోయింది.

అందరూ తీశారు. చిల్లర తరఫున ఒకటి నేను తీసి విప్పకుండా పక్కన పెట్టాను. చీటీ పైకి చదవకూడదని కొత్తమ్మాయికి ఎవరం చెప్పలేదు. ఆమె విప్పి, నవ్వుతూ, "ఆటలమ్మ. ఎవరండీ ఇది?" అంది.

టేపు ఊరుకోడు కదా. "భయపడకమ్మా, మా ఆటలమ్మకు వేపాకు అక్కర్లేదు" అన్నాడు. సూది మోచేత్తో పొడిచింది. మా వాడు లేచి మంచినీళ్ళకు వెళ్ళాడు. అప్పటికి ఆ పిల్లకు అర్థమైంది. ముఖం మార్చుకోలేదు. చీటీని మళ్ళీ మడత మీద మడత పెట్టి, చాలా మామూలుగా అడిగింది.

"మరి నా పేరేమని రాశారు అత్తయ్య గారూ?"

ఏడు పేర్లు రాస్తూ ఆమెకు పేరే లేదన్న సంగతి నాకు తోచలేదు. చెయ్యి అలవాటైన పేర్లు రాసుకుంటూ పోయింది. నిన్ను కలిపింది, ఆమెను వదిలేసింది. ఏడుకు ఏడు సరిపోయింది కాబట్టి తృప్తిగా లేచాను. నా లెక్కలో నా చేతుల మీదుగా ఇంత తప్పు ఏనాడూ జరగలేదు. అదీ కూడిక సరిపోతూ జరిగిన తప్పు.

"మళ్ళీ రాద్దాం, ఎంతసేపు" అన్నాడు బన్ను. ఆ పిల్లే ఒప్పుకోలేదు. "వద్దండి. వచ్చిన చీటీ మార్చకూడదని ఇందాకే కదా అత్తయ్య గారు చెప్పింది."

అందరూ వెళ్ళాక ఆ పిల్ల వంటింట్లో కప్పులు కడుగుతూ ఉంటే పక్కన నిలబడ్డాను. "పొరపాటు పడ్డానమ్మా" అన్నాను. 

"మీరు పొరపాటు పడలేదండీ. మీకు ఏడుగురే. నేను ఎనిమిదో దాన్ని" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. కప్పు తుడుస్తూ, "ఆవిడకేమంటే ఇష్టం?" అని అడిగింది.

నేను మొదలుపెట్టాను. టీలో చక్కెర తక్కువ, ఎరుపు రంగు ఎక్కువ, చలికి చెవులూ చేతులూ కప్పుకోదు, నేను స్టూలు పట్టుకుంటే గానీ నక్షత్రం కట్టదు, నడుస్తూ పాడుతుంది, పిల్లలను కేకేస్తే గొంతు బొంగురుపోతుంది. చెప్పుకుంటూ పోయాను. ఆమె చేతిలోని కప్పు ఎప్పుడో ఆరిపోయింది, తుడుస్తూనే ఉంది. అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఈ పిల్లకేమంటే ఇష్టమో ఎవరైనా నన్ను అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. వేసవి నుంచీ నా వంటింట్లోనే ఉంది. నువ్వు లేని చోటును చూస్తూ, అక్కడ నిలబడిన మనిషిని నేను చూడనేలేదు.

ఇక పని సంగతి. ఇప్పుడు మేము ఎనిమిది మందిమి. ఆమె చీటీలో నువ్వున్నావు. వచ్చిన చీటీ మార్చకూడదు, కానుక ఈ హాల్లో చేతికివ్వాలి. అంటే నువ్వు రావాలి. ఆమెకు కానుక ఇచ్చేవాళ్ళు లేరు. చీటీ తియ్యనిదానివి నువ్వు ఒక్కదానివే మిగిలావు. అంటే ఆమె చీటీ నీది. ఎలా కూడినా నువ్వు లేకుండా ఈ లెక్క కుదరదు. నిన్ను పిలవనని పోయిన ఉత్తరంలో రాశాను. ఆ మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాని పని, అయినా తీసుకుంటున్నాను. పిలవమని మొదట అన్నది నేను కాదు. కప్పులు బోర్లించి చేతులు తుడుచుకుంటూ, "ఆవిడ గేటు దగ్గరే ఆగిపోతే నేను కానుక ఎలా ఇవ్వను? మీరే రాయండి" అంది.

కవరులో పొడుగ్గా మడిచింది చిల్లర చీటీ. దానికివ్వు, నువ్వు చూడకు. రెండోది నీది. విప్పితే ఖాళీగా ఉంటుంది. ఆ పిల్లకు పేరు లేదు. ఈ ఇంట్లో పేర్లు పెట్టే పని నీది. ఆమెను చూశాకే పెట్టు, గేటు బయటి నుంచి పెట్టవద్దు.

రాలేనంటే నిన్ను తప్పు పట్టను. పాట ఎవరు ఆపాలో అప్పుడైనా కార్డు రాయి.

నీ అత్తయ్య

*

పండగ వెళ్ళాక

నా ఆటలమ్మకు,

నిన్న నువ్వు చూసినదంతా నీకు మళ్ళీ చెప్పను. నువ్వు చూడనివి చెబుతాను.

నువ్వు గేటు దగ్గరికి వచ్చేసరికి నేను కిటికీ దగ్గర లేను. చెప్పిన మాట ప్రకారం వంటింట్లో, స్టూలు మీద కూర్చుని ఉన్నాను. గడియ చప్పుడు వింటూ ఉన్నాను. తీసిన చప్పుడు వినిపించింది. చిల్లర చెప్పుల చప్పుడు వినిపించింది. తర్వాత మళ్ళీ పెట్టే చప్పుడు కోసం చెవులు రిక్కించుకున్నాను. అది ఎంతకీ వినబడలేదు. అడుగుల చప్పుడు రెండు జతలైంది. అప్పుడు నేను లేవలేకపోయాను. మోకాలి నొప్పి అని చిల్లరకు చెప్పాను. అది నమ్మింది.

నీకు ఎర్ర దారం కట్టిన ఈల ఇవ్వాలన్న ఆలోచన ఆ పిల్లదే. "గొంతు బొంగురుపోతుందన్నారు కదా" అంది. నేను కప్పుల దగ్గర చెప్పినవాటిలో అది ఒక్కటి పట్టుకుంది. నువ్వు ఈల ఊదగానే టేపు చేతిలో కేకు ముక్క కింద పడిందే, దాన్ని ఇవాళ పొద్దున బల్ల కింద చూశాను.

నువ్వు ఆమెను తల నుంచి కాళ్ళ దాకా చూసి, పైన నక్షత్రం చూసి, "ఇది నువ్వే కట్టావా, స్టూలు లేకుండా?" అని అడిగి, ఖాళీ చీటీ మీద "నిచ్చెన" అని రాసి చేతిలో పెట్టావు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. దాంతో పాటు ఇచ్చిన ఊలు మఫ్లరు బాగుంది, కానీ అది నిన్ననే ఆమె సూదికి అరువిచ్చేసింది. చీటీని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఇవాళ షాపుకు వెళ్తూ కళ్ళజోడు పెట్టెలో పెట్టుకోవడం చూశాను.

పాట ఆపే పని మా వాడికి ఇచ్చావు. "ఆపడంలో మావాడికి అనుభవం" అని టేపు అనబోతే సూది కాలు తొక్కింది. అది నువ్వు చూసే ఉంటావు. వాడు గోడ వైపు తిరిగి నిలబడి పాట ఆపుతూ, మొదలుపెడుతూ ఉన్నాడు. ఆఖరి కుర్చీకి వచ్చినప్పుడు వాడు చాలాసేపు ఆపలేదు. మీరంతా ఆయాసపడుతూ తిరుగుతూనే ఉన్నారు. "ఆపరా నాయనా" అని బన్ను మొత్తుకునేదాకా తిప్పాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి వాడి ముఖం నాకు కనబడింది. ఏం కనబడిందో రాయను. అది వాడి సొంతం.

ఆఖరి కుర్చీ మీద బన్ను, బన్ను ఒళ్ళో చిల్లర, కుర్చీ చేతి మీద నువ్వు, వెనక నుంచి అందరినీ చుట్టేసి నిచ్చెన. తీర్పు చెప్పే మనిషిని కనుక నేను ఏనాడూ ఆటలోకి రాలేదు. నువ్వు చెయ్యి చాపావు. "చోటు చాలనివాళ్ళు చెయ్యి పట్టుకున్నా చాలు అత్తయ్యా" అన్నావు. పట్టుకున్నాను. నీ అరచెయ్యి చల్లగా ఉంది. ఇప్పటికీ చలికి చేతులు కప్పుకోవన్నమాట.

టేపు స్కూటరు మీద నువ్వు వెళ్ళిపోయాక గేటు గడియ నేనే పెట్టాను, లోపలి నుంచి. ఇల్లంతా దీపాలున్నాయి, మనుషులున్నారు, నవ్వులున్నాయి. అయినా నువ్వు కూర్చున్న చోట ఎవరైనా కూర్చోబోతే "అక్కడ తడి ఉంది, ఆగండి" అన్నాను. తడి లేదు. నువ్వు ఒక మధ్యాహ్నానికి వచ్చినంత మాత్రాన పాత రోజులు రావు. ఆ సంగతి నాకు తెలుసు. నిచ్చెనకూ తెలుసు. రాత్రి పళ్ళేలు సర్దుతూ, "ఆవిడ వెళ్ళేటప్పుడు మీరు గేటు దాకా వెళ్ళి ఉండాల్సింది" అంది. చివరి పళ్ళెం బోర్లించి, "నాకూ కొంచెం కష్టంగానే ఉండింది" అంది. దాచకుండా చెప్పినందుకు ఆ పిల్ల మీద గౌరవం పెరిగింది. ఆమెకు టీలో చక్కెర ఎక్కువని, పడుకునేముందు కాళ్ళకు చల్లనీళ్ళు పోసుకుంటుందని ఇప్పుడు నాకు తెలుసు. ఇంకా తెలుసుకుంటున్నాను.

ఇవాళ అలంకారాలన్నీ తీసి పెట్టెలో సర్దాం. పండగ మర్నాడు ఒక్కటి కూడా మిగలకూడదని నా పట్టుదల, నీకు తెలుసు. కాగితపు తోరణాలు, గంటలు, దీపాలు అన్నీ అయ్యాయి. నక్షత్రం మిగిలింది. "చెయ్యి చాపితే నీకు అందుతుంది కదా, తియ్యి" అన్నాను.

ఆ పిల్ల చెయ్యి పైకెత్తి, మళ్ళీ దించేసింది. వంటింట్లోకి వెళ్ళి స్టూలు తెచ్చి నక్షత్రం కింద పెట్టింది. ఎక్కలేదు. "దీన్ని ఆవిడకు వదిలేద్దాం అత్తయ్యా. మీ చేతులకు కూడా పని ఉండాలి కదా" అంది.

"గారు" లేదు. గమనించనట్టే పెట్టె మూత వేశాను.

నక్షత్రం అలాగే ఉంది. దాని కింద స్టూలు కూడా అలాగే ఉంది. హాల్లో అటూ ఇటూ నడిచేవాళ్ళంతా దాన్ని తప్పించుకుని తిరుగుతున్నారు. ఎదురింటి సూది వచ్చి, "ఏమిటిది, అడ్డంగా?" అంటే, "ఉండనీ" అన్నాను.

తియ్యడానికి ఎప్పుడు వస్తావో రాయి. కాళ్ళు నేను పట్టుకుంటాను.

నీ అత్తయ్య